మా అత్త ఎండకడ్డీ

మా అత్త నాకు మేనత్త కూడా. మా నాయనకు సొంత చెల్లెలు. హిందూపురంలో పుట్టి ధర్మవరం కోడలైంది. చానా ఏండ్ల తర్వాత నేనూ అదే ఊరినుంచి అదే ఇంటికి ఆమె కోడలిగా వచ్చినాను. అందుకే మా ఇద్దరి మధ్య 'మీరు' అనే మాట ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు ఎట్ల పిలిచేదాన్నో ఇప్పుడూ అట్లే పిలుస్తాను.

ఇంట్లో మగ్గాలు మా ఆయన చూసుకుంటాడు. నేను పెనుకొండలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, రోజూ రైల్లో పోయి వస్తాను. చీరలు అమ్మేది మాత్రం అత్త. మామ పోయినాక ఆమె తనంతట తాను ఎత్తుకున్న పని అది. ముహూర్తాలు దగ్గరపడతాన్నాయంటే నాలుగైదు పట్టుచీరలు తెల్లటి పంచెగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని, పెనుకొండ, హిందూపురం, మడకశిర తిరుగుతుంది. అంగళ్ళకు పోదు, ఇండ్లకే పోతుంది. కొన్ని ఇండ్లల్లో తల్లి పెళ్ళిచీరా, కూతురి పెళ్ళిచీరా రెండూ ఆమె చేతి మీదనే పోయినాయి. పెనుకొండలో తెలుగులో మాట్లాడుతుంది, మడకశిరలో కన్నడంలో. హిందూపురంలో రెండూ కలిపేస్తుంది.

ఆమెకు బొల్లి యాభై దాటినాక మొదలైంది. మొదట కుడి కన్ను పక్కన వేలిముద్రంత తెల్లమచ్చ. తర్వాత చెంప మీదికి దిగింది, నుదుటికి ఎక్కింది, రెండు ముంజేతుల మీదా లేచింది. మందులు వాడితే ఎక్కువ కాకుండా ఆగింది గానీ ఉన్నది పోలేదు. దాన్ని ఆమె దాచుకోవాలని చూడలేదు. కొత్త ఇంటికి పోతే చీర విప్పకముందే చెప్పేస్తుంది.

"ఇది అంటుకునేది కాదమ్మా. నా తోలుకు రంగు చాలక వచ్చింది. నా సంగతి పక్కన పెట్టి చీరకు రంగు సరిపోయిందా లేదా చూడు."

ఆ మాటతో అవతలివాళ్ళ చూపు చీర మీదికి పోతుంది, మళ్ళీ మచ్చ మీదికి రాదు. అట్ల తిరుగుతానే ఉన్నింది, ఆ వేసవి వచ్చేదాకా.

మడకశిర నుంచి తిరిగొస్తాంటే బస్సు దారిలో చెడిపోయింది. చుట్టూ దున్ని వదిలేసిన చేలు, నిలబడడానికి ఒక నీడ లేదు. ఇంకో బస్సు వచ్చేదాకా మధ్యాహ్నమంతా రోడ్డు పక్కనే నిలబడిందంట. కొంగు తల మీదికి లాక్కుంది గానీ, సంచి పట్టుకున్న చేయీ, ముఖంలో ఒక పక్కా ఎండకే ఉండిపోయినాయి. ఇంటికి వచ్చేసరికి తెల్లమచ్చలన్నీ ఎర్రగా పొంగినాయి. తెల్లారి చూస్తే చెంప మీద నీటిబొబ్బలు. మామూలు తోలు కొంచెం నల్లబడి ఊరుకుంది, మచ్చ ఉన్న తోలు కాలింది. రంగు లేని తోలుకు ఎండను ఆపే శక్తి ఉండదని నేను చదువుకున్నదాన్నే. చదివినదాన్ని మన ఇంటి మనిషి చెంప మీద చూసి, గుడ్డ తడిపి తెచ్చి మెల్లగా వేసినాను.

బొబ్బలు మానినాయి. ఆమె మాత్రం గడప దాటడం మానేసింది. పోవాలని లేక కాదు. పొద్దున తయారయ్యేది, సంచి దగ్గర పెట్టుకునేది, తొమ్మిదికి ఎండ వాకిట్లోకి వచ్చేసరికి, "ఈ పొద్దు వద్దులే, రేపు పోతా" అనేది. మా ఆయన చీరలకు ఫోటోలు తీసి ఆమె ఫోన్ నుంచే పంపించినాడు. అవతల నుంచి, "ఫోటోలో రంగు తెలీదక్కా, నువ్వు ఎప్పుడొస్తావో చెప్పు" అని జవాబు వచ్చేది. ఆమె ఫోన్ పక్కన పెట్టేసేది. ఇంట్లో కూర్చుని నా పప్పులో ఉప్పు చాలలేదని, మగ్గం మీద అంచు సరిగ్గా రాలేదని, వీధిలో పిల్లలు అరుస్తాండారని అనడం మొదలుపెట్టింది. ఆమె ఎప్పుడూ అట్లాంటి మనిషి కాదు.

"అమ్మకు ఈ ఇల్లు చాలడంలేదు," అన్నాడు మా ఆయన ఒకరోజు భోజనం దగ్గర. ఇద్దరం హిందూపురంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఆమెను పిలుచుకొని పోయినాం.

డాక్టరమ్మ మచ్చలు చూసి, "మళ్ళీ మళ్ళీ ఇట్ల కాలకూడదమ్మా," అని మెల్లగా చెప్పింది. పొడుగు చేతుల రవికె, గొడుగు, బయట కనపడే చోట సన్‌స్క్రీన్. మూడూ కావాలి, ఒకటి ఉంటే ఇంకొకటి అక్కర్లేదనుకోవద్దు అనింది. అత్త రవికెకూ గొడుగుకూ వెంటనే ఒప్పుకుంది. సన్‌స్క్రీన్ క్రీము దగ్గరే తంటా వచ్చింది.

ఇంటికొచ్చి పూసుకుని చేతులు చూసుకుంది. సబ్బుతో కడుక్కుని మళ్ళీ చూసుకుంది.

"ఈ చేత్తో చీర పట్టుకుంటే ఇంకేమన్నా ఉండాదా? జిడ్డు పడితే పట్టు చెడిపోతుంది. రెండు గంటలకొకసారి పూసుకోవాలంటాండారు. బస్సులో యాడ కడుక్కునేది?"

ఆమె చెప్పింది నిజమే. మా ఇంట్లో తలకు నూనె పెట్టుకున్న రోజు చీరల బీరువా తెరవరు.

మందులంగడిలో అడిగితే ఖనిజాలతో చేసినది ఒకటి ఇచ్చినారు. జింక్ ఆక్సైడ్‌ది, తోలు మీద అట్లే పొరలాగ కూర్చుంటుంది, పసిపిల్లలకు కూడా పూస్తారని చెప్పినారు. గుణం మంచిదే. కానీ ఆమె ముఖమంతా పూసుకుని అద్దం ముందర నిలబడితే, మిగిలిన చామనచాయ తోలు కూడా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఆమె ఇటు తిరిగి అటు తిరిగి చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళూ సగం ముఖమే తెలుపు. డబ్బిచ్చి మిగిలిన సగం కూడా చేయించినారు కదప్పా."

చానా రోజుల తర్వాత ఆమె అట్ల నవ్వింది. అందరం నవ్వినాం. ఆ ట్యూబు మాత్రం అల్మారాలోకి పోయింది.

మా పాప బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. ఒక శనివారం వస్తూ సన్‌స్క్రీన్ స్టిక్ ఒకటి తెచ్చింది. చూడడానికి పిల్లలు కాగితాలు అంటించుకునే గమ్ కడ్డీ మాదిరే ఉండాది. కింద తిప్పితే పైకి లేస్తుంది. "అవ్వా, దీనికి చేయి తగలనక్కర్లేదు," అని వాళ్ళవ్వ చెంప మీద నాలుగు గీతలు గీసి, ఆ కడ్డీతోనే అటూ ఇటూ రుద్దింది. తెలుపు లేదు, జారేది లేదు. అత్త తన వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుంది. పొడిగా ఉన్నాయి.

"ఈ ఎండకడ్డీ బాగుండాది," అనింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

నేను కొంచెం ఆగమన్నాను. ఖనిజాలది కాదు కాబట్టి ఇది రసాయనాలతో పనిచేసే రకం. మా ఆయనకు అప్పటికే ఫోన్లో వీడియోలు వచ్చేసినాయి. రసాయన సన్‌స్క్రీన్ రక్తంలోకి పోతుందంట, హార్మోన్లు చెడిపోతాయంట, క్యాన్సర్ వస్తుందంట.

"అమ్మకు ఈ వయసులో కెమికల్స్ ఎందుకు?" అన్నాడు.

"కెమికల్ అనే మాటకు నేను భయపడను. దాని మీదే నాకు జీతం వస్తాంది. ఏ కెమికల్, ఎంత, యాడ పూస్తాం, అది తెలుసుకుందాం," అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం పాపా నేనూ వరండాలో కూర్చుని డబ్బా మీద రాసింది చదివినాం. అక్షరాలు చీమకాళ్ళంత ఉంటే ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకున్నాం. అత్త చాప మీద కూర్చుని పల్లీలు వలుస్తా వింటాండాది.

ఏ వస్తువుకైనా దినుసుల పేర్లు మామూలుగా ఎక్కువ ఉన్నదాన్నుంచి తక్కువ ఉన్నదాని వరసలో రాస్తారు. ఇందులో ముందర ఎండను ఆపేవి ఉన్నాయి: హోమోసలేట్, ఆక్టోక్రిలీన్, అవోబెంజోన్. తర్వాత కడ్డీ గట్టిగా నిలబడడానికి మైనాలు, నూనెలు. చివరలో పరిమళం. అత్తకు అర్థమయ్యేటట్టు చెప్పాలని, "ఇవి ఎండలో మన కంటికి కనపడని కిరణాలను తాగేస్తాయి అత్తా. తాగి, కొంచెం వేడిగా వదిలేస్తాయి. ఒకటి తోలు కాలకుండా చూస్తే, ఇంకొకటి లోపలిదాకా పోయే కిరణాలను పట్టుకుంటుంది. అవోబెంజోన్ ఎండకు తొందరగా చెదిరిపోతుంది, అది చెదరకుండా ఆక్టోక్రిలీన్ కాస్తుంది," అన్నాను.

"ఒకదానికొకటి తోడన్నమాట," అనింది అత్త. "మరి లోపలికి పోతాయంటాండాడు మావాడు?"

అది నాకు పూర్తిగా తెలియదని చెప్పినాను. సోమవారం కాలేజీ అయినాక డాక్టరమ్మకు ఫోన్ చేసినాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. కొన్ని రసాయనాలు తోలులోంచి రక్తంలోకి కొంత చేరుతాయి, అది నిజమే. చేరినంత మాత్రాన కీడు జరుగుతుందని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు, ఇంకా చూస్తానే ఉన్నారు. ఆక్సీబెంజోన్ అనే దాని మీద అనుమానాలు ఎక్కువ, అది మీ డబ్బాలో లేదు. ఒళ్ళంతా పూసుకుని సముద్రం ఒడ్డున పడుకునేవాళ్ళ లెక్క వేరు, ముఖానికీ ముంజేతులకీ పూసుకునే మీ అత్తగారి లెక్క వేరు.

"ఎండకు ఆమె కాలడం మాత్రం అనుమానం లేకుండా జరిగేది. దాన్ని కూడా తక్కెట్లో పెట్టండి," అనింది.

ఆ మాటకు మా ఆయన కూడా సమాధానపడినాడు.

తోలుకు పరీక్ష నేను చూసుకుంటానన్నాను. పట్టుకు పరీక్ష అత్త పెట్టింది. మగ్గం మీద మిగిలిపోయిన తెల్లపట్టు ముక్క ఒకటి తెచ్చి, దాని మీద కడ్డీ గట్టిగా రుద్ది, ఇంటి బోరునీళ్ళలో ఉతికి దండెం మీద ఆరేసింది. సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి ఆ ముక్క నా చేతికిచ్చింది. రుద్దిన చోట లేత పసుపు మీద ఇనుప తుప్పు రంగు పారింది.

"ఏమిది? డబ్బా కొత్తదే కదా, తుప్పు యాడిది?"

నాకు తెలిసింది చెప్పినాను. మా బోరునీళ్ళల్లో ఇనుము ఎక్కువ, బకెట్ అంచున ఎప్పుడూ ఎర్రటి గారే. అవోబెంజోన్‌కు ఇనుము తగిలితే ఇట్లాంటి రంగు వస్తుంది. ఇంకో ముక్కను తాగే నీళ్ళతో ఉతికి చూసినాం. అది కొంచెం పసుపుగా ఉండిపోయింది గానీ తుప్పు రాలేదు. అత్త ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అయితే గొంతు కింద, కొంగు తగిలే చోట పూయను. చీర విప్పేటప్పుడు ఒళ్ళో తుండు పరుచుకుంటా. చేతులకు అరచేతి పక్క పూసుకునేది లేదు కదా, సరిపోతుంది." ఒక నిమిషంలో ఆమె దారి ఆమే వేసుకుంది.

తర్వాత మోచేయి లోపలి మడతలో రోజూ కొంచెం పూసి చూసినాం. దద్దు లేదు, దురద లేదు. వారం పోయినాక ఇంక భయం లేదనుకున్నాను. ఒక పొద్దున ఆమె ముఖానికీ, రవికె చేయి పైకి జరిగితే బయటపడే ముంజేతులకూ కడ్డీ రుద్దుకుని, పొడుగు చేతుల రవికె వేసుకుని, గొడుగు పట్టుకుని హిందూపురం రైలెక్కింది. నేను పెనుకొండలో దిగిపోతాంటే కిటికీలోంచి చేయి ఊపింది.

సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ముఖం బాగానే ఉండాది. కాలలేదు, ఎర్రబడలేదు. ఒక చీర అమ్ముడుపోయింది, ఇంకో ఇంటివాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. సంతోషంగా అవన్నీ చెప్తానే కుడి మణికట్టు గీరుకుంటాండాది. నేను చేయి పట్టుకుని చూసినాను. మణికట్టు చుట్టూ ఎర్రగా చిన్న చిన్న పొక్కులు. మచ్చ ఉన్న చోటా, లేని చోటా ఒకేమాదిరి. ఎడమచేతికి ఏమీ లేదు.

నాకు వెంటనే పరిమళం మీద అనుమానం వచ్చింది. డబ్బా మీద పరిమళం అని ఒకే మాట రాస్తారు, దాని కింద ఎన్ని దినుసులు ఉంటాయో చెప్పరు. కానీ పరిమళమే అయితే ముఖానికి రావాల, ఎడమచేతికీ రావాల. మూడు చోట్లా పూసింది అదే కడ్డీ. నేను ఎంత ఆలోచించినా కుడి మణికట్టు దగ్గరికి వచ్చి ఆగిపోతాన్నాను.

మళ్ళీ హిందూపురం పోయినాం. డాక్టరమ్మ పొక్కులు చూసి, మా ఎండకడ్డీ డబ్బా తిప్పి చదివింది. తర్వాత అత్తను అడిగింది.

"అవ్వా, ఈ మణికట్టుకు ఇంకేమైనా పూస్తారా?"

"ఏమీ లేదమ్మా. నొప్పికి జెల్లు పూస్తా, అంతే. చీరలు మడిచీ మడిచీ ఈ చేయి గుంజుతుంది."

"ఆ జెల్లు ఉందా?"

అత్త సంచిలోంచి నలిగిపోయిన ట్యూబు తీసి ఇచ్చింది. ఎవరో బంధువుల ఇంట్లో బాగా పనిచేసిందని చెప్తే ఆమె కొనుక్కున్నది. అది ఆమె సంచిలో ఉంటుందని నాకు తెలుసు గానీ, అది కూడా చదవాలని నాకు తట్టలేదు. డాక్టరమ్మ ట్యూబు మీద పేరు నాకు చూపించింది. కీటోప్రొఫెన్.

"ఈ మందు పూసిన చోట ఎండ తగిలితే కొందరికి ఇట్ల పొక్కులు లేస్తాయి. ఇది పడనివాళ్ళకు మీ కడ్డీలో ఉన్న ఆక్టోక్రిలీన్ కూడా చానాసార్లు పడదు. రెండూ ఒకేచోట పడినాయి, పైన ఎండ తగిలింది."

"వారం రోజులు మోచేతి మీద పూసి చూసినాం కదా మేడమ్?" అన్నాను.

"మోచేయి మడత నీడలో ఉంటుంది. జెల్లు కూడా ఆడ పూయరు. ఎండ తగిలితే ఏమవుతుందో నీడలో పెట్టిన పరీక్ష చెప్పదు," అని నవ్వింది. "మీరు పరీక్ష పెట్టడమే మంచిపని. చానామంది అదీ చేయరు."

నాకు సిగ్గేమీ అనిపించలేదు. చిక్కుముడి విడిపోయినట్టు ఉండింది. అత్త మాత్రం జెల్లు ట్యూబు వైపు నమ్మినమనిషి మోసం చేసినట్టు చూసింది.

జెల్లు ఆపేయమన్నారు. నొప్పికి వేడినీళ్ళ కాపడం, అవసరమైతే ఒక మాత్ర. పొక్కులకు మందు రాసిచ్చి, అవి పూర్తిగా తగ్గేదాకా ఆ చేయి ఎండకు చూపించొద్దని చెప్పినారు. కొత్త కడ్డీ కొనేటప్పుడు ఆక్టోక్రిలీన్, ఆక్సీబెంజోన్, పరిమళం, ఈ మూడూ లేనిది చూసుకోమన్నారు.

ఆ వెతుకులాట పాప మీద పడింది. ఆఫీసు అయినాక బెంగుళూరులో అంగళ్ళు తిరిగి డబ్బాల వెనకవైపు ఫోటోలు తీసి పంపేది. నేను సాయంత్రం రైల్లో అవి చదివేదాన్ని. పక్కన కూర్చున్న ఆవిడ ఒకరోజు, "ఏం మేడమ్, పరీక్ష పేపర్లా?" అని అడిగింది. అట్లాంటిదే అని చెప్పినాను. ముందర పరిమళం లేదని పెద్దక్షరాలతో వేసి, వెనకాల ఏదో పువ్వు నూనె కలిపినవి ఉన్నాయి. ప్రకృతి సిద్ధం అని రాసి ఎండను ఆపేది ఏముందో చెప్పనివి ఉన్నాయి. ఆక్టోక్రిలీన్ లేనిది దొరికిందనుకుంటే దాంట్లో ఆక్సీబెంజోన్ ఉండేది. "అమ్మా, అంగడివాళ్ళు నన్ను ఇన్‌స్పెక్టర్ అనుకుంటాండారు," అని పాప మెసేజ్ పెట్టింది.

చివరికి ఒకటి దొరికింది. అది కూడా రసాయనాలతో పనిచేసేదే. కాకపోతే కొత్తరకం పేర్లు, బెమోట్రిజినాల్, ఇంకా ఒకటి రెండు. నేను వాటి గురించి దొరికినంత చదివినాను. అణువులు పెద్దవి కాబట్టి తోలులోంచి లోపలికి దిగడం కష్టం. ఎండకు తొందరగా చెదిరిపోవు. పరిమళం లేదు, అవోబెంజోన్ కూడా లేదు. డాక్టరమ్మకు ఫోటో పంపితే, "ఇది వాడి చూడండి," అని జవాబు వచ్చింది.

ఈసారి మోచేతి మడత పరీక్ష అయినాక, డాక్టరమ్మ చెప్పినట్టు, ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్ళంత చోట పూసి పొద్దుటి ఎండలో మిద్దె మీద కొంచెంసేపు కూర్చోబెట్టినాం. అత్త వడియాలు కాపలా కాస్తానని ఆ పని పెట్టుకుంది. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. పట్టుముక్క పరీక్ష కూడా ఆమె వదల్లేదు. జిడ్డు మచ్చ కొంచెం పడింది గానీ, బోరునీళ్ళలో ఉతికినా తుప్పు రంగు రాలేదు. "ఇది పట్టుకు కూడా పడింది," అనింది.

నాకు దసరా సెలవులు ఇచ్చినారు. మడకశిరకు ఆమెతోపాటు నేనూ పోయినాను. హిందూపురంలో దిగి బస్సు మారేముందు, బస్టాండులో బల్ల మీద కూర్చుని మళ్ళీ పూసుకుంది. అద్దం అడగలేదు. చెంప మీద పైకీ కిందికీ, నుదుటి మీద అడ్డంగా, ముక్కు మీద, చెవుల మీద. ఒకసారి గీసి ఊరుకుంటే చాలదు, మూడు నాలుగుసార్లు తిప్పాలని నేను చెప్పింది గుర్తుపెట్టుకుంది. ఎదురుగా టీ తాగుతా ఉన్న పెద్దాయన వింతగా చూసినాడు.

"ఏమప్పా, నీకూ కావాల్నా?" అనింది. ఆయన నవ్వి తల తిప్పుకున్నాడు.

మడకశిరలో మేము పోయిన ఇంట్లో కూతురి పెళ్ళి. ఆ ఇంటి పెద్దావిడ అత్తను ఏండ్లుగా ఎరిగిన మనిషే, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతుంది. చూసి చానా రోజులైందని చేయి పట్టుకుని లోపలికి పిలుచుకొని పోయింది. అత్త ఒళ్ళో తుండు పరుచుకుని చీరలు విప్పింది. పెళ్ళికూతురికి రెండు నచ్చినాయి. ఒకటి నెమలికంఠం రంగు, ఒకటి ముదురు ఎరుపు. ఆ గదిలో ట్యూబులైటు వెలుతురులో రెండూ ఒకేమాదిరి మబ్బుగా ఉన్నాయి. ఆ పిల్ల ఎటూ తేల్చుకోలేక ఉండాది.

అత్త చీరలు రెండూ చేతుల మీద వేసుకుని లేచింది. "రా తల్లీ, బయటికి రా. పట్టును ఎండలో చూడాల," అని పెరట్లోకి నడిచింది.

నేను గొడుగు తీసుకుని వెనకే పోబోతాంటే వద్దని తల ఊపింది. పదకొండు గంటల ఎండ పెరటి బండల మీద తెల్లగా పరుచుకుని ఉండాది. ఆమె ఎండకు ఎదురుగా నిలబడి నెమలికంఠం చీరను చేతి మీద ఇటు వాల్చి అటు వాల్చి చూపించింది. ఒక పక్క నీలం, ఇంకో పక్క పచ్చ. పెళ్ళికూతురు దగ్గరికొచ్చి కొంగు పట్టుకుని చూసింది. ఇద్దరూ అట్లే నిలబడి జరీ గురించి, అంచు గురించి, ఏ రవికె నప్పుతుందో దాని గురించి మాట్లాడుకుంటాండారు. నేను వాకిలి దగ్గర గొడుగు పట్టుకుని ఊరికే నిలబడినాను. ఆ వేసవి తర్వాత ఆమెను పట్టపగలు ఎండలో తొందర లేకుండా చూడడం అదే మొదటిసారి.

పిల్ల నెమలికంఠమే తీసుకుంది.

మజ్జిగ తాగుతాంటే ఆ పెద్దావిడ అత్త ముఖంలోకి చూసి, "ముఖక్కె ఏను హచ్చికొండిద్దీయా? మెరుస్తాండావు," అంటా ముఖానికి ఏం పూసుకున్నావని అడిగింది.

అత్త సంచిలోంచి కడ్డీ తీసి చూపించింది. "ఎండకడ్డీ. నా కోడలు, మనవరాలు ఏరికోరి తెచ్చినారు." పెళ్ళికూతురు తన దగ్గరా ఒకటి ఉండాదని, పెళ్ళి రోజుకు పూసుకోవాలని కొన్నానని గదిలోంచి తెచ్చింది. అత్త దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని తిప్పి చూసింది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు, నాకిచ్చి చదవమనింది. చదివితే మా మొదటి కడ్డీలో ఉన్న దినుసులే.

"మంచిదే, చానామందికి పడుతుంది," అన్నాను.

"పడుతుందో లేదో పెళ్ళికి ముందరే చూసుకో తల్లీ," అనింది అత్త. "మోచేతికి పూసి చూడు, తర్వాత కొంచెం ఎండలో చూడు. నొప్పులకు ఏమన్నా జెల్లు వాడతాండావా? వాడితే డాక్టరును అడుగు. ఇంకొకటి, దీన్ని పూసుకుని పట్టుచీర మీద చెంప ఆనించొద్దు. బోరునీళ్ళు తగిలితే తుప్పురంగు వస్తుంది."

ఆ పిల్ల శ్రద్ధగా తల ఊపింది. పెద్దావిడ, "చీరకంటే దీనికి చెప్పే జాగ్రత్తలే ఎక్కువుండాయే," అని నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. తెర వేయమంటే వద్దనింది. దారి పొడుగునా కానుగ చెట్లు, మొక్కజొన్న చేలు, మందను తోలుకుపోయే గొర్రెలకాపరులు. అవన్నీ నాకు కొత్త అన్నట్టు ఒక్కొక్కటే చూపిస్తా వచ్చింది. హిందూపురంలో మా పుట్టింట్లో దిగి అన్నం తిన్నాం. మా నాయన చెల్లెలి ముఖం చూసి, ఇంకో ముద్ద నెయ్యి వేయమని మా అమ్మకు చెప్పినాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. మచ్చలు అట్లే ఉన్నాయి. ఎండకడ్డీ వాటిని తగ్గించదు, తగ్గిస్తుందని మాకెవరూ చెప్పలేదు. మళ్ళీ కాలలేదు, అంతే మాకు కావాల్సింది. వేసవిలో ఒకసారి సంచిలో కడ్డీ మెత్తబడి మూతకు అంటుకుపోయింది. అప్పటినుంచి నీళ్ళ సీసా పక్కన, తడిగుడ్డ చుట్టి పెట్టుకుంటుంది. గడువు తేదీ దాటిందేమో నన్ను నెలకొకసారి చూడమంటుంది. మా ఆయన వీడియోలు పంపడం ఆపలేదు గానీ, ఇప్పుడు పంపి, "ఇది నిజమా?" అని అడుగుతాడు. కొన్ని నిజమే ఉంటాయి. నిజమైనవి చదివి అవసరమైతే డాక్టరమ్మను అడుగుతాను. రేపు ఈ కడ్డీలో దినుసు మీద కూడా ఏదైనా తేలితే మార్చుకుంటాం. దాని మీద మాకు మొండిపట్టు లేదు.

అత్త ఈమధ్య ముదిగుబ్బ దారి కూడా మొదలుపెట్టింది. ఆడ ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఒకేసారి పెళ్ళిళ్ళంట. ఈ పొద్దు పొద్దున్నే పోయింది. నేను ఇది రాస్తాంటే ఫోన్ చేసింది. రెండిండ్లు అయినాయి, ఇంకో ఇల్లు ఉండాది, సాయంత్రం బస్సుకు వస్తాను, బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టు, మిరపకాయ బజ్జీలు మాత్రం బస్టాండులో నేనే తెస్తా అని చెప్పి పెట్టేసింది.

ఆమె బస్సు వచ్చే పొద్దయింది, బొరుగులు నానబెట్టడానికి లేస్తాన్నాను.